మాంత్రికుడి దండం

మొన్న మదనపల్లెలో నా మనవరాలు ఫోన్‌లో ఏదో ఆట ఆడుతూ, తన మాంత్రికుడికి ఏ దండం మంచిదో చెప్పమని అడిగింది. తెరమీద వరుసగా నిలిచిన దండాలను చూడగానే పుంగనూరులోని మా అవ్వ వంటిల్లు గుర్తుకు వచ్చింది.

ఒక వేసవి సెలవుల్లో, నాకన్నా పెద్దవాడైన పెద్దమ్మ కొడుకు రెడ్డెప్ప ఒక ఆట కల్పించాడు. అందరికన్నా మేలైన దండం తెచ్చినవాడే మాంత్రికుడని ప్రకటించాడు. నేను వేప, గానుగ, వెదురు కర్రలను ఒక్కొక్కటిగా పరిశీలించి తిరస్కరించాను. చివరకు అవ్వ సంగటి కెలికే కట్టెను ఎంచుకున్నాను. అది నల్లగా, నున్నగా, రాగిపిండి వాసనతో ఉండేది. జారే పిండిని గట్టి ముద్దగా మార్చే శక్తి ఆ కట్టెలోనే ఉందని నా నమ్మకం.

రెడ్డెప్ప దానిని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

“ఇదే మేలైందప్పా. అయితే నీకన్నా కట్టే ఎత్తుగా ఉండాది. నేను పట్టుకుంటా. మాంత్రికునికి గుర్రం కూడా కావాల గదా, నువ్వు గుర్రం.”

నేను ఎదురు చెప్పేలోగా అవ్వ వాకిట్లోకి వచ్చింది. “ఎసరు మరగతా ఉండాది. నా కట్టె యాడ పోయిందిరా?”

“వీడే ఎత్తుకొచ్చినాడవ్వా. నీకిద్దామనే నేను పట్టుకోనుండా,” అన్నాడు రెడ్డెప్ప.

నిజం చెప్పాడని ఆ పూట మొదటి ముద్ద అవ్వ వాడికే పెట్టింది.

మరిగే ఎసరు ముందు విచారణ జరిపే తీరిక ఆమెకు లేదని ఈ వయసులో ఒప్పుకోగలను. రెడ్డెప్ప తరఫున అలాంటి సాకేదీ నాకు ఇంతవరకు దొరకలేదు.