అమ్మ కాళ్ళకు పసుపు

నేను ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతాను. పసుపులో ఉండే కర్క్యుమిన్ మెదడులోని వాపును తగ్గిస్తుందా, దాంతో డిప్రెషన్ నెమ్మదిస్తుందా అన్నది అందులో ఒక పాఠం. ఎలుకల్లో కొంత ఆశ కనిపించింది, మనుషుల్లో ఇంకా గట్టిగా తేలలేదు, మింగినదాంట్లో ఒంటికి పట్టేది బహు తక్కువ. క్లాసులో ఈ మాట చెప్పడం తేలికే.

నాన్న పోయాక అమ్మను ఉయ్యూరు పక్కనున్న మా ఊరి నుంచి బెజవాడ తెచ్చుకున్నాను. మాది పసుపు పండించే ఇల్లు. కొమ్ములు ఉడకబెట్టి ఎండబోసే రోజుల్లో అమ్మ చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉండేవి. ఇప్పుడు ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. పెడితే తింటుంది, లేదంటే లేదు. డాక్టరుగారు డిప్రెషన్ అని మాత్రలు రాశారు. అవి పనిచేసేలోగా అమ్మ నాకు దక్కకుండా పోతుందేమోనని నా భయం.

ఒకరోజు మా మేనత్త చూడ్డానికి వచ్చింది. వచ్చీ రాగానే వంటింట్లోకి వెళ్ళి పసుపు పాలు కాచింది.

"మెదడులో వాపంట, పసుపుతో లాగేస్తదంట. ఫోన్లో చూపిస్తున్నారు. నువ్వు చదివిందీ అదేగా, మీ అమ్మకి ఇవ్వకపోతే ఎట్టాగే?"

"అదింకా తేలలేదు అత్తయ్యా. మాత్రలు వేస్తున్నాంగా."

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!" అంటూ గ్లాసు అమ్మ చేతిలో పెట్టింది. "తాగు వదినా."

అమ్మ ఆ పాలకేసి చాలాసేపు చూసింది. ఎన్నాళ్ళకో నోరు విప్పింది.

"ముఖానికి వద్దన్నారు. కడుపులోకి మాత్రం పోసుకోమంటారేం?"

అత్తయ్య ముఖం వాడిపోయింది. నాన్న పదో రోజున అమ్మకు ఆఖరుసారని ముఖానికీ కాళ్ళకూ నిండా పసుపు రాసి, ఆపైన కడిగించిన ఆడవాళ్ళలో ముందున్నది ఆవిడే. నాకు ఒళ్ళు మండింది. కానీ ఏమనను? ఆ రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చిందీ ఆవిడే. పాలు మీగడ కట్టి అలాగే ఉండిపోయాయి.

ఆ శుక్రవారం కాలేజీకి సెలవు పెట్టాను. తలుపు వేసి, గిన్నెలో పసుపు తడిపి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నాకు మందూ గుర్తు లేదు, పాఠమూ గుర్తు లేదు. పెళ్ళయినప్పటి నుంచీ ప్రతి శుక్రవారం పచ్చగా మెరిసిన కాళ్ళు అలా పాలిపోయి ఉంటే చూడలేకపోయాను, అంతే. ఒక పాదానికి రాశాను. అమ్మ కళ్ళు మూసుకుంది. రెండోది అందుకోబోతే గబుక్కున రెండు కాళ్ళూ చీర కిందకి లాక్కుంది.

"వద్దే. ఎవరన్నా చూస్తారు."

తలుపు వేసే ఉంది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం.