బావ జేబులో బండి తాళం

నిన్న పొద్దున అక్క ఫోన్ మోగింది. అక్క అంటే మా తోటికోడలు.

ఎవరో తెలియని మనిషి. "అమ్మా, ఈ ఫోన్‌ల మీ నంబరే పైన ఉంది. ఖాజాగూడ గుట్టల కాడ ఒకాయన బండి పక్కన కూసొని ఒరిగిపోయిండు. జల్ది రండి."

దవాఖానకు చేరేలోపే అయిపోయింది.

యాదగిరి బావ లేరు. ఈ మాట రాస్తుంటే నాకే అబద్ధంలా ఉంది.

మా ఆయనకు సొంత అన్న. పుప్పాలగూడలో అందరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. హైటెక్ సిటీలో ఒక ఆఫీసు బిల్డింగ్‌లో లిఫ్టుల డ్యూటీ ఆయనది. నిన్న ఆ డ్యూటీకి పోతూ పోతూనే పోయారు.

నేను ఇక్కడ ఎప్పుడూ ఏమీ రాయను. మీ ఫోటోలకు లైక్ కొట్టడమే. ఇవాళ రాస్తున్నాను, ఎందుకంటే మనవాళ్లలో ఒక మాట తిరుగుతోంది.

"పాత బండి. సల్లగున్నప్పుడు రేస్ తీస్కోదు. నడిరోడ్డు మీద ఆగింది. కిక్కు కొట్టి కొట్టి గుండె ఆగింది."

ఆ మాట అక్క చెవిన పడింది. దసరాకు కొత్త బండి తీసుకుంటానని బావ అంటే, ఇంకో యేడు నడవదా అని ఆపింది అక్కే.

"నేనే సంపుకున్న" అంటూ గోడకు ఆనుకొని కూర్చుంది. నీళ్లు కూడా తాగలేదు.

ఆ బండికి ఆ రోగం ఉండేది, నిజమే.

పొద్దున చోక్ వేసి కిక్ కొడితే స్టార్ట్ అయ్యేది. రేస్ ఇవ్వగానే దగ్గి, గుటకలు మింగి ఆగిపోయేది. కాస్త వేడెక్కితే ఏమీ ఎరగనట్టు పరిగెత్తేది. మెకానిక్ దగ్గరికి చేరేసరికి ఏ రోగమూ లేదు. ప్లగ్ మార్చారు, కార్బురేటర్ కడిగించారు. మర్నాడు మళ్లీ అదే దగ్గు.

మెయిన్ రోడ్డు ఎక్కే మలుపులో ఆగితే వెనక క్యాబ్‌లు. బండి చప్పుడు దూరమయ్యేదాకా అక్క గేటు దగ్గరే నిలబడేది.

పోయిన చలికాలం ఒక ఆదివారం బావ నన్ను పిలిచారు. ఇంట్లో మగవాళ్లు ఎవరూ లేరు.

"బిడ్డా, జర రేస్ పట్టుకో. సన్నగ, గింతే."

మా దిక్కు బావ ముందు మరదలు నిలబడి మాట్లాడదు. పెళ్లై వచ్చిన దగ్గర్నుంచి ఆయనతో నేను ఒక్క మాట ఆడలేదు. ఏం కావాలన్నా అక్కతో చెప్పించేదాన్ని. కొంగు కప్పుకొని, మొహం పక్కకు తిప్పుకొని పట్టుకున్నాను.

ఆయన దగ్గు మందు మూతతో నీళ్లు తీసుకొని కార్బురేటర్ చుట్టూ చుక్క చుక్క పోస్తున్నారు. "ఏడనో గాలి గుంజుతుంది ఇది. నీళ్లు పడి సందు మూసుకుంటే దగ్గు ఆగాలె" అని తనలో తనే అనుకుంటున్నారు.

ఇంజన్‌కు పోయే రబ్బరు గొట్టం కింద నీళ్లు పడగానే నా చేతికి తగులుతున్న బండి వణుకు ఆగింది. ఆయన గమనించలేదు. మూత ముందుకు జరిపారు. మళ్లీ వణుకు.

ఇంజన్ వేడెక్కుతోంది. వేడెక్కితే ఇక రేపటిదాకా దొరకదు.

"ఆడ్నే బావా. ఎన్కకు. గా రబ్బరు కింద పోయుండ్రి."

పోశారు. చప్పుడు కుదురుకుంది. రబ్బరు విప్పి వంచితే వెంట్రుకంత పగులు.

"బండికి రోగం దొరికింది, మా మరదలికి నోరు దొరికింది" అని వాడంతా వినబడేలా నవ్వారు.

కొత్త రబ్బరు వేశాక బండి ఒక్కనాడూ ఆగలేదు. అయినా స్టార్ట్ కాగానే రేస్ ఇచ్చేవారు కాదు. "ఏంది తొందర, దాన్ని జర చాయ్ తాగనియ్యి" అనేవారు.

నిన్న దవాఖానలో ఆయన చొక్కా ఇచ్చారు. జేబులో బండి తాళం ఉంది. ట్రాలీ ఆటోలో బండి ఇంటికొచ్చింది. చూస్తే పెట్రోల్ ట్యాప్ కట్టేసి ఉంది.

కిక్కు కొట్టే మనిషి ట్యాప్ కట్టేసి, తాళం జేబులో వేసుకుంటాడా? ఒంట్లో బాగాలేక బండిని ఓరకు పెట్టి, అన్నీ కట్టేసి కూర్చున్నారు.

అక్కకు చెప్పాను. నమ్మలేదు. "రబ్బరు మల్ల పలిగిందేమో. నీకేం ఎరుక?"

చుట్టాలు పాత ఇనుము కొనేవాడిని పిలవమంటున్నారు.

ఇవాళ పొద్దుటికి బండి పూర్తిగా చల్లబడి ఉంది. తెలిస్తే ఇప్పుడే తెలియాలి. అందరూ చూస్తుండగా వెళ్లి ట్యాప్ తిప్పి, చోక్ వేశాను. కిక్ నా కాలికి దిగలేదు. మా ఆయన వచ్చి కొట్టారు. స్టార్ట్ అయింది. ఆయన రేస్ మీద చెయ్యి వేయబోయారు.

"ఆగుండ్రి. చాయ్ తాగనియ్యుండ్రి."

మా ఆయన చెయ్యి తీశారు. అక్క గడపలో నిలబడింది.

ఇప్పుడు ఇది దగ్గితే, అక్క బతికినన్నాళ్లూ ఆ గోడ దగ్గరే ఉండిపోతుంది. రేస్ నేనే పట్టుకున్నాను.

తిప్పాను.

దగ్గలేదు. ఒక్క ఊపున అందుకుంది.

అక్క వచ్చి సీటు మీద చెయ్యి పెట్టింది.

"చోక్ దించు పిల్లా. పొగ కొడుతుంది. ఆయనకు నచ్చదు."

దించాను.

బండి మంచిగుంది బావా. అక్కను నేను చూసుకుంటాను.

ఇక మీకు డ్యూటీ లేదు, తొందర లేదు. నిమ్మళంగా ఉండండి.