నాయనమ్మ కోసం మట్టినేల గది

చిత్రిక పడుతున్న పడౌక్ కర్ర వాసన తగిలిందంటే చాలు, చేతిలో డ్రాయింగు అలాగే వదిలేసి తలపుల్లో ఉత్తర అండమాన్‌లోని మాయాబందర్ వెళ్లిపోతాను. పోర్ట్ బ్లెయిర్‌లో కర్ర ఇళ్లకు ప్లాన్లు గీయడం నా వృత్తి, మనసు కాపురం మాత్రం అక్కడి మా పాత ఇంట్లోనే.

శ్రీకాకుళం నుంచి వచ్చి వడ్రంగి కాంట్రాక్టులు చేస్తూ నాన్న తన చేతులతో కట్టుకున్న ఇల్లది. నేల తడి అంటకుండా ఎర్రటి స్తంభాల మీద మనిషెత్తున నిలబెట్టాడు. వానాకాలమంతా పైన రేకుల హోరు, ఉబ్బిపోయి మొరాయించే తలుపులు. ఎండలొచ్చేసరికి నేలచెక్కల మధ్య సందులు పడి, అమ్మ పిన్నీసులూ, మా చింతపిక్కలూ, దీపావళికి దూసిన బూందీ కిందికి జారిపోతే, వాటికోసం నేనూ తమ్ముడూ కోళ్లతో పోటీపడేవాళ్లం.

తాతయ్య పోయాక ఊళ్లో నాయనమ్మను చూసే దిక్కు లేక నాన్న షిప్పులో తెచ్చుకున్నాడు. మొదటి శుక్రవారమే ఆవిడ ఏం చేసిందనుకున్నారు? బకెట్టెడు పేడ కలిపి చెక్కల నేలంతా సుబ్బరంగా అలికేసింది! కింద కూర్చుని రంపానికి ఆకురాయి పెడుతున్న నాన్న నెత్తిన పేడనీళ్లు ధారకట్టాయి. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న చిందులు తొక్కుతూ పైకొచ్చేసరికి నాయనమ్మ గోడకి చేరగిలబడి ఏడుస్తోంది.

“ఎంతలికినా ఇది నేలవ్వదేట్రా? రేపు నా పేనం పోతంటే నన్నెక్కడ దించుతావు, గాల్లోనా? వచ్చే షిప్పుకి ఎక్కించియ్యి, నానెల్లిపోతాను.”

పోయే ప్రాణాన్ని మంచం మీద ఉంచకుండా మట్టి మీదికి దించడం మా వాళ్ల ఆనవాయితీ. నాన్న కోపం దిగిపోయింది.

మట్టి తగిలితే కర్ర పుచ్చుతుందని అందరికీ చెప్పే మనిషి, వెనకమెట్లు దిగినచోట మట్టినేల గది మొదలుపెట్టాడు. చుట్టూ రాళ్లు పేర్చి వాటిపైన చెక్కగోడలు నిలిపాడు, జల్లు కొట్టకుండా చూరు కిందికి దించాడు, గాలాడటానికి గోడలపైన జానెడు సందు వదిలాడు. లోపల మట్టి పోసి దిమ్మిస కొట్టాడు.

“క్యా భయ్యా, ఇంత మంచి ఇల్లు కట్టి మళ్లీ మట్టిలోకి దిగినావేటి?” అని పక్కింటాయన ఆటపట్టించాడు.

“మా అమ్మ ఉండాల గదా భయ్యా,” అన్నాడు నాన్న.

ఆ నేలను నాయనమ్మే అలికి, ముగ్గేసి, పొయ్యి పెట్టుకుంది. మాకు ఉప్పుచేప కాల్చి, చోడంబలి పోసేది. షిప్పు మాట మళ్లీ ఎత్తితే ఒట్టు. నేను హైస్కూల్లో ఉండగా ఒక మధ్యాహ్నం నాన్న చేతుల మీదుగా ఆ నేల మీదికే దిగి వెళ్లిపోయింది.

ఇప్పుడా ఇల్లు లేదు. తమ్ముడు స్లాబు వేశాడు. వాణ్ని మాత్రం ఏమనను, కర్ర దొరకద్దూ? నాయనమ్మ గది ఉన్నచోట సిమెంటు చేసి కారు పెడుతున్నాడు. వాకిట్లో కూడా గుప్పెడు మట్టి కనబడదు. నాన్న ముసలివాడైపోయి టైల్సు పరిచిన గదిలో ఉంటున్నాడు. ఊరందరికీ ఇళ్లు గీస్తానా, ఆయన్ను ఏ నేల మీద దించాలో మాత్రం నాకు తోచదు. ఆయన అడగడు. అడుగుతాడేమోనని నా భయం.