ఆరింటి ఫ్లైట్, రెండున్నర గంటలు

నేను దుబాయ్ పోయొచ్చింది ఒక్కసారంటే ఒక్కసారి, అదీ నాలుగు రోజులకి. కానీ దిల్‌సుఖ్‌నగర్‌ల మా హార్డ్‌వేర్ దుకాణానికి వచ్చినోళ్లల్ల ఆ ముచ్చట వినకుండ పోయినోళ్లు లేరు. "పొద్దుగాల పదింటికి ఇక్కడ ఎక్కిన, పన్నెండున్నరకి అక్కడ దిగిన. రెండున్నర గంటలు, అంతే! గంత సేపట్ల మన బస్సు నల్గొండ గూడ దాటదు" అని గొప్పలు కొట్టేటోన్ని. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ఎనక నడుస్తదని తెల్వక కాదు. నా లెక్కల దాన్ని కలపాలని ఎన్నడూ తోచలే.

బిడ్డ పెండ్లి కుదిరింది. ఎల్బీ నగర్‌ల ఫంక్షన్ హాలు, పదకొండు నలభైకి ముహూర్తం. మా దిక్కు పెండ్లిపిల్లని మేనమామ గంపల కూసోబెట్టి మండపానికి మోసుకొస్తడు. మా ఆవిడకి ఒక్కడే తమ్ముడు, దుబాయ్‌ల డ్రైవర్. బిడ్డ పుట్టినప్పటి సంది "ఆ గంప నేనే ఎత్తుత" అంటుండె. ఆయనకి టికెట్ నేనే తీసిన, పెండ్లి రోజు పొద్దున ఆరింటికి అక్కడ లేచే ఫ్లైట్‌కి.

టికెట్ చూసుకొని ఫోన్ చేసిండు. "బావా, గీ ఫ్లైట్ దిగేసరికే మన టైం పదకొండు అయితది. జర ముందు రోజుది చూడరాదు?"

నాకు కోపమొచ్చింది. "నాకే చెప్తున్నవా? నేను పోయొచ్చినోన్ని. ఆరింటికి లేస్తే ఎనిమిదిన్నరకి శంషాబాద్‌ల ఉంటవ్. కారు తోలేటోనివి, నీకు విమానం సంగతేం తెలుసు?" అన్న. ఎంత మాటన్నరా భగవంతుడా! ఆయన "సరే బావా, నువ్వెట్లంటే గట్ల" అన్నడు.

పెండ్లి నాడు తొమ్మిదిన్నరైంది, పదిన్నరైంది, మనిషి జాడ లేదు. ఫోన్ స్విచ్ఛాఫ్. పెండ్లి చేసే అయ్యగారు తొందరపెడుతున్నడు. నాకు ఒళ్లు మండిపోయి, చుట్టాలందరి ముందల "దుబాయ్ పైసలు చూసినంక అక్క బిడ్డ ఎందుకు గుర్తుంటది!" అని అరిచిన. మా ఆవిడ మొఖం చిన్నబోయింది. వరుసకి మేనమామయ్యే ఒకాయన గంప ఎత్తిండు. బిడ్డ మండపం చేరేదాకా గేటు దిక్కే చూసుకుంట వచ్చింది.

పన్నెండున్నరకి, తలంబ్రాలు అయిపోయినంక, ఆయన బ్యాగుతోని ఉరుక్కుంట వచ్చిండు. చెమటతోని అంగి ఒంటికి అతుక్కుపోయింది. "గిప్పుడా వచ్చేది?" అని మీదికి పోయిన. ఆయన నా మొఖంలోకి చూసిండు. ఉన్నది ఉన్నట్టు ఒక్క మాట చెప్తే నా పరువు గంగల కలిసేది. ఆయన తల వంచి, "తప్పైంది బావా, ఫ్లైట్ లేటైంది" అన్నడు. అని, అక్క కాళ్లకి మొక్కిండు.

సాయంత్రం హాలు ఖాళీ అయినంక నా ఫోన్ల ఆయన టికెట్ తీసి చూసిన. దిగే టైం పదకొండని అచ్చేసి ఉంది; పోయినప్పుడు నాకు కలిసొచ్చిన గంటన్నర, వచ్చేటప్పుడు మీద పడ్డది. దిగినోడు బయటపడి హాలు చేరేసరికి పన్నెండున్నర అయితది, ఫ్లైట్ ఒక్క నిమిషం గూడ లేట్ కాలే.

మా ఆవిడ ఇప్పటికీ తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా దెప్పుతది. "ఒక్కగానొక్క మేనకోడలు! ఒక్క రోజు ముందు రానీకి చేతకాలే నీకు" అంటది. ఆయన అవతల నవ్వి ఊకుంటడు. మొన్న గూడ గట్లనే అన్నది. నేను పక్కనే అన్నం తింటున్న. ఇయ్యాల చెప్పెయ్యాలె అనుకొని నోరు తెరిచిన. ఆమె ఫోన్ చెవికాడ్నించి తీసి, "ఏంది?" అన్నది.

"జర పప్పు వెయ్యి" అన్న.