వేలానికి పోని బొంత

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తలో మా మామగారు, మరికొందరు కలిసి తాండూరులో ఒక సేవా క్లబ్బు పెట్టారు. బండల వ్యాపారులు, కందుల వ్యాపారులు, ఒక వకీలు, ఇద్దరు పంతుళ్లు. నెలకో ఆదివారం బడి హాలులో మీటింగు. మీటింగంటే మగవాళ్లకు ఉపన్యాసాలు, మాకు వంటలు. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో గిన్నె వచ్చేది. అందరం ఒకే బంతిన కూర్చుని తినేవాళ్లం. మామగారు అక్కడ అందరినీ నోరారా తమ్మీ అని పిలిచేవారు. ఇంట్లో మాత్రం ఆయన నోట ముక్తసరి మాటలే.

ఆ ఏడు మా ఇంట్లో ఒక అబద్ధం కాపురం చేస్తోంది. మా ఆడబిడ్డకు క్షయ అని తేలితే వికారాబాదు కొండ మీది ఆసుపత్రిలో చేర్పించారు. పెళ్లి కావలసిన పిల్ల, జబ్బు పేరు బయటపడితే ఎవరు చేసుకుంటారని మామగారి భయం. గుల్బర్గాలో మేనమామ ఇంటికి పంపామని అందరికీ చెప్పమన్నారు. ఆయన నెలకోసారి వ్యాపారం పని మీద అన్నట్టు వెళ్లి చూసివచ్చేవారు. అత్తను తీసుకెళ్లేవారు కాదు, రైల్లో నలుగురూ చూస్తారని.

ఆ అబద్ధానికి పోపు పెట్టింది నేను. క్లబ్బులో ఎవరడిగినా అక్కడ కన్నడం నేర్చుకుంటోందనీ మిషను కుట్టు నేర్చుకుంటోందనీ చెప్పేదాన్ని. ఒకసారి ఊపులో ఒళ్లు కూడా చేసిందని అనేశాను. ఆ రోజు ఇంటికొచ్చాక అత్త వంటింట్లోకి వెళ్లి చాలాసేపటి దాకా రాలేదు. నా నాలుక మీద నాకే కోపం వచ్చింది. అయినా వచ్చే నెల మళ్లీ అదే చెప్పాను.

చలికాలానికి ముందు క్లబ్బు ఆ కొండ మీది రోగులకే బొంతలు ఇవ్వాలని తీర్మానించింది. పాత చీరలతో ఆడవాళ్లం ఇళ్లలోనే కుట్టాం. అత్త తన పసుపు చీర తీసింది. చిన్నప్పుడు ఆడబిడ్డ ఆ చీర కొంగు కప్పుకుంటేనే నిద్రపోయేదట. ఇరవై రోజులు కుట్టింది. చీమ బారుల్లాంటి కుట్లు. ఒక అంచు నన్ను కుట్టమంది. నా కుట్టు నా నడకలాగే, ఒక చోట కుదురుగా ఉండదు. అయినా అత్త దాన్ని విప్పలేదు. మూలకు ఎర్ర దారం ముడివేసి, ఇది పిల్లకే చేరేటట్టు చూడమని మామగారికి చెప్పింది.

రోగుల పాలకు, గుడ్లకు కూడా డబ్బు కావాలి కదా. అందుకని బొంతల్లో అందమైనదాన్ని భోజనాలకు ముందు వేలం వేద్దామని ఎవరో అన్నారు. ఎవరింటి వస్తువును ఆ ఇంటివాళ్లు పాడకూడదని మా క్లబ్బు నియమం, లేకపోతే గొప్పలకు ఎవరిది వాళ్లే కొనుక్కుంటారు. అధ్యక్షుడి భార్య మూటలు విప్పి పసుపు బొంతను పైకెత్తింది. మామగారు తల దించుకున్నారు. అంత నోరున్న నేను ఆ మూలనున్న ఎర్ర ముడినే చూస్తూ కూర్చున్నాను.

వకీలు పాట మొదలుపెట్టాడు. కందుల వ్యాపారి ఒకాయన, ప్రతి నెలా మా ఇంటి కూరలో ఉప్పు ఎక్కువైందనో తక్కువైందనో అనకుండా ముద్ద దిగని మనిషి, పంతం పట్టి పెంచుతూ పోయాడు. రెండుసార్లు అని వకీలు చెయ్యి పైకెత్తాడు. అప్పుడు అత్త లేచింది. క్లబ్బులో ఆమె గొంతు అంతకుముందు ఎవరూ వినలేదు.

“గది హర్రాజుల పెట్టకుండ్రి. అది నా బిడ్డది.”

వకీలు నవ్వాడు. “బిడ్డ గుల్బర్గల ఉన్నది గదమ్మా. దానికి ఇంకోటి కుట్టియ్యి.”

“గుల్బర్గల లేదు. గీ బొంతలు పోయే దవాఖానలనే ఉన్నది. ఏడు నెలలాయె. నేను మొకం సూడలే.”

వకీలు బొంతను తనే మడిచి తెచ్చి అత్త చేతిలో పెట్టాడు. వేలానికి ఇంకో బొంత తీశారు, ఎవరూ పెద్దగా పాడలేదు.

తర్వాత విస్తళ్లు వేశారు. మా ఇంటి నుంచి ఆ రోజు గుత్తివంకాయ. ఎప్పుడూ ముందుగా ఖాళీ అయ్యే గిన్నె. వడ్డించేవాళ్లు దాన్ని దాటుకుంటూ పోతున్నారు. ముగ్గురు పనులున్నాయని తినకుండానే వెళ్లిపోయారు, వాళ్లెవరో నాకిప్పటికీ గుర్తే. గిన్నె ఎత్తుకుని ఇంటికి పోదామని నేను లేవబోయాను. అత్త నా చీర కుచ్చిళ్లు పట్టుకుని ఆపింది.

అప్పుడు ఆ కందుల వ్యాపారి, బంతి చివరి నుంచి, “ఏం బిడ్డా, మీ వంకాయ గిటు రాలే. ఇయ్యాల ఉప్పు సరిపోయిందా, అందుకే దాస్తున్నరా?” అన్నాడు.

నేను గిన్నె పట్టుకుని వెళ్లాను. రెండు కాయలు వేస్తే ఇంకో రెండు వేయమన్నాడు. నమిలి, “ఉప్పు తక్కువైంది,” అన్నాడు. ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్క విస్తరి ఆయన కూడా చెయ్యి చాపాడు. చివరికి గిన్నె అడుగున నూనె మాత్రమే మిగిలింది.

ఆ వారమే బొంతల మూటలతో రైల్లో వికారాబాదు వెళ్లాం. మామగారే అత్తకు కిటికీ పక్కన చోటు చూపించారు. వార్డులో ఆడబిడ్డ మంచం మీద లేచి కూర్చుంది. చేతులు పుల్లల్లా ఉన్నాయి. అత్త బొంత కప్పింది. ఆ పిల్ల వేలితో అంచు తడిమి నా వైపు చూసింది.

“ఇది వదినెది. గింత వంకరగ ఇంకెవరు కుడతరు?”

నవ్వాననుకున్నాను, ఏడ్చానట. అత్త మంచం మీద కూర్చోబోతే ఆడబిడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు జరిగింది.

“దూరం కూసో అమ్మా. అంటుకుంటది.”

“ఏడు నెలల సంది దూరమే కూసున్న గద బిడ్డా,” అంది అత్త. అని, బొంత అంచు ఎత్తి తన కాళ్ల మీదికి కూడా లాక్కుంది.