మా ఆయన ముక్కు

మా ఆయన పిల్లప్పకు ముక్కే ఆస్తి. శ్రీరాంపురంలో ఊదువత్తుల కార్ఖానాలో ఇరవై రెండేళ్ళు అత్తర్లు కలిపాడు. సీసా మూత తీస్తే చాలు, గంధం తగ్గిందనీ మొగలి ఎక్కువైందనీ చెప్పేవాడు. ఇంట్లోనూ అదే గోల. పక్కింట్లో ఏ నూనెతో పోపు వేశారో చెప్పి నా ప్రాణం తీసేవాడు.

తొంభై ఎనిమిదో సంవత్సరం వానల్లో జలుబూ జ్వరమూ పట్టుకున్నాయి. వారానికి జ్వరం తగ్గింది, ముక్కు దిబ్బడా పోయింది, వాసన మాత్రం తెలియలేదు. ఆవిరి పట్టాం, పసుపుకొమ్ము పొగ పట్టాం, మా వదిన పంపిన నస్యం పీల్చి తుమ్మి తుమ్మి చచ్చాడు. ఆఖరుకు ఆసుపత్రిలో డాక్టరమ్మ లైటు వేసి చూసింది.

"ముక్కు బాగానే ఉంది. జలుబు తెచ్చిన వైరస్ వాసన తెలిపే నరాన్ని దెబ్బతీసింది. కొందరికి నెలల్లో బాగవుతుంది, కొందరికి కాదు. ఈ పొగలు మానేయండి."

కార్ఖానా యజమాని హేమంత్‌కుమార్‌కు ఈ మాట చెప్పమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటేగా!

"చెప్తే రేపే పని పోతాది. ముక్కు లేనోణ్ణి ఎవరు పిలుస్తారే?"

సరే, నా ఖర్మ. రోజూ దూదికి అత్తరు అద్ది ఇంటికి తెచ్చి నా ముక్కుకు పెట్టేవాడు.

"ఎట్లుండాది?"

"బాగుండాది."

"బాగుండాదంటే ఏమే! గంధం ముందొస్తా ఉండాదా, వెనకొస్తా ఉండాదా?"

"ముందూ వెనకా రావడానికి అదేమన్నా బస్సా? మా అమ్మ పెట్టెలో పట్టుచీర వాసన. చాలునా?"

ఆయన తల బాదుకునేవాడు. నేనూ బాదుకున్నాను. అట్లాగే ఐదు నెలలు నెట్టుకొచ్చాం.

ఒక మధ్యాహ్నం క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళాను. యజమాని నల్ల సీసా ఒకటి ఆయన చేతికిచ్చి, "కొత్త సరుకు, చూడు" అన్నాడు. మా ఆయన కళ్ళు మూసుకుని దీర్ఘంగా పీల్చాడు.

"గంధం బాగుండాది సార్. మొగలి కొంచెం జాస్తి."

గుమ్మంలో ఉన్న నాకే గుప్పుమని కొట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"కిరసనాయిలిచ్చి పదిమందిలో నవ్వులపాలు చేస్తావా? నోరు తెరిచి అడిగితే చెప్పడా?"

"తానే చెప్తాడని నెలల నుంచి చూస్తా ఉండానమ్మా," అన్నాడు యజమాని. మెల్లగా ఆయనవైపు తిరిగి, "పిల్లప్పా, రేపట్నుంచి పొట్లాలు కట్టు" అన్నాడు.

మా ఆయన సీసా మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చి, నావైపు చూశాడు.

"నంజమ్మా, నిజంగా కిరసనాయిలేనా?"