చలమయ్య ఆర్పని కంప్యూటర్

కంచరపాలెంలో చలమయ్య ఇల్లెక్కడని అడిగితే, రైల్వే గేటు దగ్గర టీ కొట్టు మనిషి తల పైకెత్తకుండానే చెప్పేవాడు. "బయట బోర్డు ఉంటాది సూడండి. అదే." ఆ బోర్డు మీద సుద్దముక్కతో పెద్దక్షరాలుండేవి: "కంప్యూటర్ ఆరకుండా నేటికి 211 రోజులు." కింద చిన్నక్షరాల్లో, "మన లక్ష్యం 365." ఇలాంటి బోర్డులు ఫ్యాక్టరీ గేట్ల దగ్గర ఉంటాయి, ప్రమాదం లేకుండా ఎన్నాళ్లు గడిచాయో చెప్పడానికి. ఇంటి గుమ్మానికి వేలాడదీసినవాడు మాత్రం నాకు తెలిసి చలమయ్య ఒక్కడే.

వెర్రి కాదు పాపం, అలవాటు. గాజువాక అవతల ఓ చిన్న ఇనుము ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు ఫర్నేసు కాసిన మనిషి. ఫర్నేసంటే మన గ్యాసు పొయ్యి కాదు, పాలు పొంగగానే కట్టెయ్యడానికి. ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి మండుతూనే ఉండాలి. ఆరిందా, లోపలి ఇనుము గడ్డకట్టి కూర్చుంటుంది. అందుకే అక్కడ పండగల్లేవు, పబ్బాల్లేవు, ఉన్నవల్లా షిఫ్టులూ లాగ్‌బుక్కులే. తలంబ్రాలు పోసేటప్పుడు కూడా ఈయన వాచీ చూసుకున్నాడని భార్య కాంతం ఇప్పటికీ దెప్పుతుంది.

రిటైరయ్యాక నాన్నకు పొద్దుపోవాలని, అమ్మ కుట్టు డిజైన్లు చూసుకోవాలని, విజయనగరంలో లెక్చరరుగా ఉన్న కూతురు హిమబిందు ఆల్-ఇన్-వన్ కంప్యూటర్ కొని పంపింది. చలమయ్య అట్టపెట్టె బోర్లించాడు, థర్మోకోల్ ముక్కలన్నీ దులిపాడు, తెచ్చిన మనిషి చొక్కా పట్టుకున్నాడు.

"ఏటి బావా, టీవీ ఇచ్చీసి ఎలిపోతన్నావు? కంప్యూటర్ డబ్బా ఏదీ?"

"దీనికి డబ్బా ఉండదు బాబూ. అన్నీ ఈ తెర ఎనకాలే పెట్టీసినారు."

చలమయ్య నమ్మలేదు. స్విచ్చి వేయించి, వెనక్కి వెళ్లి అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా తగిలింది. చెవి పెట్టి విన్నాడు. లోపల గాలి తిరుగుతున్న చప్పుడు. ఆయన మొహం వెలిగిపోయింది. "కాంతం, ఇలారా! లోన మండతన్నాది!" అన్నాడు. ఆ రోజు నుంచి దాన్ని ఆపితే ఒట్టు.

షిఫ్టులు పడ్డాయి. ఎ షిఫ్టు చలమయ్యది, బి షిఫ్టు కాంతానిది, సి షిఫ్టు గోడ మీది సింహాద్రి అప్పన్నది. చలమయ్య తన షిఫ్టులో పేకముక్కల ఆట ఆడేవాడు, హార్బరులోకి ఏ ఓడ వస్తోందో మ్యాపులో చూసేవాడు. కాంతం జాకెట్ల మెడలు చూసుకునేది. లాగ్‌బుక్కు మాత్రం ఆయన ఒక్కడే రాసేవాడు. "ఉదయం 6. వీపు గోరువెచ్చన. ఫ్యాను చప్పుడు మామూలు. కాంతం కోపంగా ఉన్నది. కారణం తెలియదు."

కారణం ఊరందరికీ తెలుసు. కరెంటు పోతే ఇన్వర్టరు మీద భారం తగ్గాలని ఆయన ముందు ఫ్యాను పీకేవాడు, తర్వాత ఫ్రిజ్జు పీకేవాడు. ఫిషింగ్ హార్బరు నుంచి తెచ్చిన రెండు కేజీల వంజరం అలాగే పాడైంది. ముక్కు మూసుకుని ఆయన రాసిందేమిటయ్యా అంటే, "చేప నష్టం. కంప్యూటర్ క్షేమం."

పక్కింటి కృష్ణంరాజు పోర్టులో క్రేను నడిపినవాడు. అతను చాలాసార్లు చెప్పి చూశాడు. "నా క్రేను షిఫ్టు షిఫ్టుకీ ఆపీసి తాళం మేకుకి తగిలించీవోడిని బావా. ఒక్కనాడైనా అలిగినాదేటి?"

"నీది క్రేను బావా. ఇది నిప్పు." చలమయ్య పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఇదంతా నవ్వులాటగానే సాగిపోయేది, కాంతానికి ఆ కబురు రాకపోతే. మర్రిపాలెంలో ఆడపిల్లలకు కుట్టు నేర్పే సెంటరులో టీచరు కావాలన్నారు. పెళ్లికి ముందు కాంతం చేసిన పని అదే. మొగుడి షిఫ్టులకు క్యారేజీలు కట్టడం కోసం మానేసింది. ఇన్నేళ్లకు ధైర్యం చేసి దరఖాస్తు పెడితే, ఇంటర్వ్యూకి పిలిచారు. శనివారం పదకొండింటికి. హైదరాబాదులో ఉన్న మేడమ్ మధులత కంప్యూటర్లో చూస్తుందట, కాంతం మిషను తొక్కుతూ చూపించాలట. కాంతానిది నొక్కుడు ఫోను, చలమయ్య ఫోను చేపల ఐసు నీళ్లలో పడి దాని కెమెరా గుడ్డిదైంది. ఉన్న ఆధారమల్లా ఈ ఆల్-ఇన్-వన్నే.

శనివారం తొమ్మిదింటికే కాంతం మిషను తెర ముందుకు జరిపి, నూనె వేసి, ఉతికిన చీర కట్టుకుని కూర్చుంది. కంప్యూటర్ కదలదు. బాణం గుర్తు నత్తలా పాకుతోంది. కెమెరా తెరిస్తే నల్లటి చతురస్రం. మూలన ఆరు నెలలుగా వస్తున్న చిన్న గళ్లో, అప్‌డేట్ కోసం ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టమన్న విన్నపం.

హిమబిందుకు ఫోన్ చేస్తే నవ్వాపుకోలేకపోయింది. "ఏడు నెలల నుంచి ఆపలేదా? ఒకసారి రీస్టార్ట్ చెయ్యి నాన్నా, అంతే."

చలమయ్య కుర్చీలో కూలబడ్డాడు. పది దాటింది.

"ఆపీయండి," అంది కాంతం.

"మళ్లీ ఎలగకపోతే?"

"ఎందుకెలగదండి?"

ఆయన లాగ్‌బుక్కు మూసి పక్కన పెట్టాడు. "నీకెప్పుడూ సెప్పలేదు కాంతం. ఒక్కసారి నా షిఫ్టులోనే ఫర్నేసు ఆరిపోయినాది. పదకొండు రోజులు గునపాలతో పొడిసినాం ఆ గడ్డని. నీకు ఓవర్‌టైమని సెప్పినాను. ఆ రోజు కాడ్నుంచి లోన మండీది ఏది ఆపాలన్నా నాకు బయమే."

కాంతానికి జాలేసింది. దానికన్నా ఎక్కువగా ఒళ్లు మండింది. "మరి నా సంగతేటండి? ముప్పై ఏళ్ల కిందట ఆగిపోయినదాన్ని నాను. నన్నెవరు ఎలిగిత్తారు?"

ఆ మాట చలమయ్యకు సూటిగా తగిలింది. లేచి లోపలికి వెళ్లాడు. వచ్చేటప్పటికి నెత్తిన పాత పసుపు హెల్మెట్, మెడలో ఈల. మనిషి మారినా పద్ధతి మారుతుందా? ఫ్యాక్టరీ రూలు ప్రకారం పర్మిట్ లేనిదే ఏదీ ఆపకూడదు. లాగ్‌బుక్కులో పర్మిట్ రాసి కాంతం చేత సంతకం పెట్టించాడు, గోడ మీంచి కృష్ణంరాజును పిలిచి సాక్షి సంతకం పెట్టించాడు. మూడుసార్లు ఈల ఊదాడు. వీధి కుక్కలు అందుకున్నాయి. కళ్లు గట్టిగా మూసుకుని రీస్టార్ట్ నొక్కాడు.

తెర నల్లబడింది. తర్వాత నీలంగా మారి అక్షరాలు వచ్చాయి: అప్‌డేట్ అవుతోంది, పన్నెండు శాతం, దయచేసి కంప్యూటర్ ఆపవద్దు.

చలమయ్య గంతేశాడు. "సూసినావా బావా! ఆపొద్దని అదే రాసింది! ఏడు నెల్ల నుంచి నాను మొత్తుకున్నదదే!"

"ఇప్పుడు ఆపొద్దంతంది బావా," అన్నాడు కృష్ణంరాజు తల పట్టుకుని.

ముప్పై శాతం దగ్గర అది ఆగిపోయింది. పదీ నలభై. చలమయ్య దాని వీపు నిమిరాడు. పదీ యాభైకి నలభై ఒక శాతం. హెల్మెట్ కింద చెమట కారుతోంది. జీవితంలో మొదటిసారి ఆయన ఫర్నేసు కోసం కాక, మిషను ముందు కూర్చున్న మనిషి కోసం భయపడ్డాడు. "అప్పన్నా, అది పోతే పోయింది, దీని ఉద్యోగం పోనీకు," అని పైకే మొక్కాడు. కాంతం విన్నది, తల తిప్పలేదు.

ఉన్నట్టుండి శాతాలు పరుగెత్తాయి, పదీ యాభై ఏడుకు తెర వెలిగింది. కెమెరా కళ్లు తెరిచింది. పదకొండుకు మధులత మేడమ్ మొహం కనిపించింది. కాంతం దారం ఎక్కించి, కాజాలు కుట్టి, మెడ పట్టీ తిప్పి చూపించింది. మేడమ్ చివరి ప్రశ్న అడిగింది.

"నేర్చుకునే పిల్లలు కుట్టు తప్పిందని ఏడ్చి, మధ్యలో మానేస్తామంటారు. ఏం చేస్తారు?"

"కాసేపు ఆపీమంతానండి. ఆపితే పాడైపోదు, మళ్లీ మొదలెట్టొచ్చని సెప్తాను. మా ఇంట్లో అరవై ఏళ్లాయనకి ఈ పొద్దే నేర్పినాను."

మేడమ్ కళ్లు కాంతం భుజం మీదుగా వెనక్కి వెళ్లాయి. అక్కడ పసుపు హెల్మెట్ పెట్టుకుని, నోట్లో ఈలతో, అటెన్షన్‌లో నిలబడి చలమయ్య కళ్లు తుడుచుకుంటున్నాడు. "వారేనా?" అంది మేడమ్. "వారేనండి," అంది కాంతం. మరుసటి వారం ఉత్తరం వచ్చింది, వెంటనే చేరమని.

చేరే రోజు పొద్దున్నే చలమయ్య లేచి కాంతానికి క్యారేజీ కట్టాడు. ఉప్మాలో ఉప్పు లేదు, ఆ సంగతి మధ్యాహ్నం గానీ బయటపడదు. స్కూటరు బయటికి తీసి స్టార్ట్ చేశాడు.

"నాను బస్సుకెళ్తాను గానీ, మీరు ఇంటికాడ ఉండండి," అంది కాంతం. "బి షిఫ్టు ఎవరు సూత్తారు మరి?"

"ఇంటికాడ ఏటున్నాది కాంతం?" అన్నాడు చలమయ్య. "అన్నీ ఆపీసినాను. ఎక్కు."